చదువరి లేని పుస్తకము: జర్మను యుద్ధచరిత్ర గ్రంథముల కథ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ప్రతి సాయంకాలము దీపము పెట్టు వేళకు తలుపు తెరచుకొనుచున్న ఈ గ్రంథాలయపు రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఏ విషయమును గూర్చి చెప్పవలెనని అడిగితిని. “మీ యిష్టము, కాని పుస్తకములను గూర్చి కావలెను” అనిరి. ఆ తరువాత మాటల సందర్భమున వారే మరియొక సంగతి తెలిపిరి. ఉత్తరపు గోడ నానుకొనియున్న రెండు బీరువాలలోని పుస్తకములను పదేండ్లుగా ఎవరును ఇంటికి తీసికొనిపోలేదట. పోటీపరీక్షల పుస్తకములకు చోటు చాలకున్నది గనుక ఆ బీరువాలను ఖాళీ చేసి, అందలి సరకును తూకమునకు వేయవలెనని కార్యవర్గమున కొందరి అభిప్రాయమట. అది తప్పని నేననను. చోటు చాలని బాధ యెట్టిదో నేనెరుగుదును. మా యింటిలోను అదియే తగవు. కాని వారి మాట వినిననాటి నుండి ఒక దూరదేశపు పుస్తకముల కథ నా మనస్సున మెదలుచున్నది. నేడు ఆ కథయే చెప్పదలచితిని.

జర్మను భాషలో పందొమ్మిదవ శతాబ్దమునందును, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమునందును వెలువడిన యుద్ధచరిత్ర గ్రంథములను లెక్కపెట్టుట సులభము కాదు. సర్వసేనకు సంబంధించిన మహాసంపుటములు మొదలుకొని, ఒక్కొక్క పటాలము తన కథను తాను చెప్పుకొనిన చిన్న పుస్తకముల వరకు వేలకొలది కలవు. నేను యుద్ధమునకు స్తోత్రపాఠకుడను కాను. ఆ దేశపు సైనికగర్వము లోకమునకును, ఆ దేశమునకును ఎంతటి కీడు తెచ్చినదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఐనను ఒక పుస్తకము ఎందులకు అరుదగును, దానిని చదువువారెవరు, చదువువారు లేనపుడు అది యేమగును అను ప్రశ్నలకు ఈ గ్రంథముల చరిత్ర చెప్పినంత స్పష్టముగ మరియొకటి చెప్పదని నా నమ్మకము.

మొదట క్లౌజెవిట్జ్ సంగతి చెప్పెదను. కార్ల్ ఫాన్ క్లౌజెవిట్జ్ ప్రష్యా సైన్యమునందలి సేనాని. నెపోలియనుతో జరిగిన పోరాటములలో పాల్గొనినవాడు. బెర్లినులోని సైనిక విద్యాలయమునకు పండ్రెండేండ్లు అధిపతిగ నుండి, ఆ తీరిక కాలమున యుద్ధమును గూర్చి ఒక మహాగ్రంథము వ్రాయుచుండెను. అది ముగియలేదు. 1831 నవంబరు 16వ తేదీన బ్రెస్లా నగరమున కలరా సోకి మరణించెను. అప్పటికి ఆయనకు ఏబదియొక్క యేండ్లు. కట్టలు కట్టి ముద్రవేసియుంచిన కాగితములను విప్పి, వరుసపరచి, పీఠిక వ్రాసి ముద్రణకిచ్చినది ఆయన భార్య మేరీ. స్త్రీ యొకతె యుద్ధగ్రంథమునకు పీఠిక వ్రాయుట ఆ కాలమున వింత. ఆ సంగతి ఆమెయే పీఠికలో ప్రస్తావించినది. 1832 మొదలు 1834 వరకు మూడు సంపుటములుగ ఆ గ్రంథము వెలువడినది. అచ్చువేసినవి పదునైదు వందల ప్రతులు.

ఇరువదియేండ్లు గడచినను ఆ పదునైదు వందలును చెల్లిపోలేదు. పేరు విననివారుండని ఈ పుస్తకము గతి అది! ఆనాటి సైనికాధికారులు చదివినది ఈయనను కాదు. లెక్కల సూత్రములవలె యుద్ధమును గుక్కతిప్పుకొనక బోధించు జోమినీ వంటివారిని. క్లౌజెవిట్జ్ సూత్రములు చెప్పడు. ప్రశ్న వేయును, జవాబు చెప్పును, ఆ జవాబునే మరల శంకించును. పరీక్షకు చదువువానికి అట్టి పుస్తకము పనికిరాదు.

1853 ప్రాంతమున రెండవ కూర్పు వచ్చినది. దానిని సిద్ధపరచినవాడు మేరీ సోదరుడు. అస్పష్టముగనున్న తావులను సవరించితినని ఆయన చెప్పుకొనెను. సవరించిన తావులలో ఒకటి మాత్రము అస్పష్టత వలన సవరింపబడినది కాదు. సర్వసేనానిని మంత్రివర్గమున చేర్చుకొనవలెనని మూలములో కలదు. ఎందులకు? సేనాని చేయు ముఖ్యకార్యములలో మంత్రివర్గమునకు పాలుండుటకు. అనగా కత్తి పట్టినవాడు రాజ్యము నడపువాని కనుసన్నలలో మెలగవలెనని భావము. రెండవ కూర్పులో ఆ వాక్యము తలక్రిందులైనది. మంత్రివర్గపు ముఖ్యనిర్ణయములలో సేనానికి పాలుండుటకు అని మారినది. నాలుగు మాటల మార్పు. యజమాని సేవకుడైనాడు, సేవకుడు యజమానియైనాడు.

ఆ పిమ్మట 1866, 1871 సంవత్సరములలో ప్రష్యా గెలిచినది. గెలిపించిన మోల్ట్‌కే తాను గౌరవించు గ్రంథకర్తలలో క్లౌజెవిట్జ్ నొకనిగ పేర్కొనెను. దానితో గ్రంథమునకు గిరాకి పుట్టినది. 1873లో ఆంగ్లమునకు పరివర్తన చేయబడినది. 1905లో జర్మనీయందు అయిదవ కూర్పునకు ష్లీఫెన్ సేనాని పీఠిక వ్రాసెను. 1915లో స్విట్జర్లాండు ప్రవాసమున లెనిన్ దానిని చదివి నోటుపుస్తకము నింపుకొనెను. ఇట్లు పుస్తకము పేరుగాంచినది. కాని సుమారు నూరేండ్లపాటు జర్మను అధికారుల చేతులలో మెలగినది ఆ తలక్రిందు వాక్యము గల పాఠమే. మొదటి ప్రపంచయుద్ధమున సేనానులు మంత్రులను ఆడించిన తీరు చూచినవారికి ఆ వాక్యము వట్టి అచ్చుతప్పుగ తోచదు. ఒక్క వాక్యము వలననే అంతయు జరిగినదని నేననుట లేదు. కాని జరిగినదానికి గురువుగారి సమ్మతి కలదని చెప్పుకొనుటకు అది అక్కరకు వచ్చినది.

మూలపాఠమును తిరిగి నిలిపినవాడు వెర్నర్ హాల్వెగ్ అను పండితుడు. 1952లో పదునారవ కూర్పును సిద్ధపరచుచు ఆయన మొదటి ముద్రణను ముందిడుకొని అక్షరమక్షరము సరిచూచెను. ఇక్కడ నేను ఒక్క క్షణము ఆగెదను. ఆ నిజము ఎక్కడ దాగియున్నది? అందరును చదివిన కూర్పులలో కాదు. ఎవరును కొనక, ఏ మూలనో దుమ్ము పట్టిపోయిన ఆ పదునైదు వందల ప్రతులలో. అవి అమ్ముడుపోలేదని ప్రకాశకుడు తూకమునకు వేసియున్నచో, రెండవ కూర్పు వచ్చినది గదా యని గ్రంథాలయములవారు మొదటి దానిని తీసివేసియున్నచో, హాల్వెగ్ దేనితో సరిచూచియుండును?

ఇక రెండవ కథ. ఇది మొదటిదానికి ఎదురు కథ. ఇక్కడ పుస్తకములకు చదువరులు కొదువ లేదు, ప్రభుత్వమే చదివించినది. ప్రష్యా సైన్యమునకు జనరల్ స్టాఫు అను యోచనాకార్యాలయముండెను. అందు యుద్ధచరిత్రకు ప్రత్యేకశాఖ. ఆ శాఖవారు 1870నాటి ఫ్రాన్సు యుద్ధమును గూర్చియు, ఫ్రెడరిక్ మహారాజు యుద్ధములను గూర్చియు పటములతో, అనుబంధములతో సంపుటముల మీద సంపుటములు ప్రకటించిరి. వారికి లోటు లేదు; జాబులు, ఉత్తరువులు, దినచర్యలు అన్నియు వారి బీరువాలలోనే కలవు. లోపము మరియొక చోటనున్నది. గెలిచిన సేనకు తలవంపులు తెచ్చు మాటలు చరిత్రలో వ్రాయరాదని మోల్ట్‌కే తన సోదరుని కుమారునితో బాహాటముగనే చెప్పెను. కొందరి పేరు ప్రతిష్ఠలను కాపాడుట దేశభక్తులకు విధి యని ఆయన మతము. నిజాయితీ గల మనుష్యుడు, చెప్పి మరీ దాచెను. తరువాతివారు చెప్పక దాచిరి.

మొదటి ప్రపంచయుద్ధమున ఓడిన పిమ్మట వర్సేల్స్ సంధి ప్రకారము జనరల్ స్టాఫు రద్దైనది. చరిత్రశాఖ మాత్రము వేషము మార్చుకొని, 1919లో పోట్స్‌డామ్ నగరమున స్థాపింపబడిన రైష్‌ఆర్కైవ్ అను దస్తావేజుల భాండాగారమున చేరినది. మునుపటి అధికారులే కోటు తొడుగుకొని చరిత్రకారులైరి. వారు వ్రాసినదే ప్రపంచయుద్ధపు అధికారిక చరిత్ర, పదునాలుగు సంపుటములు. మొదటిది 1925లో వచ్చినది. పండ్రెండవది వచ్చిన 1939 నాటికి రెండవ యుద్ధము మొదలైనది. పదమూడవది 1942లోను, పదునాలుగవది 1944లోను కొలదిప్రతులు మాత్రము ప్రభుత్వ ఉపయోగార్థమని అచ్చైనవి. ఓటమి కథ చెప్పు సంపుటములు గదా, ఓటమి దాపురించుచున్న దినములలో అంగడిలోనికి రానిచ్చెదరా? అవి ప్రజలకు దొరకినది 1956లో పునర్ముద్రణ జరిగినపుడే.

1945 ఏప్రిలు 14వ తేదీ రాత్రి ఆంగ్లేయుల విమానములు పోట్స్‌డామ్ మీద బాంబులు కురిసినవి. యుద్ధము ముగియుటకు నాలుగు వారములైన లేదు. గుట్టమీది ఆ భాండాగారము అంటుకొనినది. ప్రష్యా సైన్యపు దస్తావేజులు, ఇంచుమించు రెండు వందల యేండ్లవి, అత్యధికభాగము ఒక్క రాత్రిలో భస్మమైనవి. బవేరియా, వుర్టెంబర్గు రాజ్యములకు పూర్వము వేరు సైన్యములుండెను గనుక వారి కాగితములు మ్యూనికులోను, స్టుట్‌గార్టులోను మిగిలినవి. ప్రష్యావి మాత్రము పోయినవి.

ఆ రాత్రి పుస్తకముల గతి మారినది. అంతకుముందు రోజు వరకు ఆ అధికారిక సంపుటములు చరిత్రకారునికి రెండవ చేతి సరకు. సందేహము కలిగినచో పోయి అసలు కాగితము చూడవచ్చును. మరునాటి నుండి అసలు లేదు. ఏ ఉత్తరువులో ఏమున్నదో తెలియవలెనన్న, ఆ ఉత్తరువును చూచి వ్రాసినవాని పుస్తకమే శరణ్యము. వాదియే సాక్షి, ఆ సాక్షి తప్ప మరియొక సాక్షి లేడు. ఒక్కొక్క పటాలము తనవారికై అచ్చు వేయించుకొనిన చిన్న చరిత్రలును అట్లే ఒక్కమారుగ అమూల్యములైనవి. వానిని మొదట చదివినవారు ఆ పటాలమున పనిచేసి బ్రదికి వచ్చినవారును, చనిపోయినవారి కుటుంబములవారును. చివరి పుటలలో మృతుల పేర్లుండును. తండ్రి పేరు చూచుకొనుటకై కొనినవారు కొందరు, ఆ పుట తప్ప మరియే పుటయు తెరచియుండరు.

దీనివలన కలిగిన చిక్కుకు ఒక్క యుదాహరణము. 1914లో జర్మనీ ఫ్రాన్సుమీదికి పోయిన పథకము ష్లీఫెనుదనియు, అది తిరుగులేనిదనియు, తరువాతి సేనాని దానిని పాడుచేయుటచే ఓడితిమనియు గ్రోనర్ మొదలగు పూర్వపు అధికారులు 1920లలో వ్రాసిన పుస్తకములు లోకమును నమ్మించినవి. ఓటమికి ఒక మృతుని బాధ్యుని చేయుట బ్రదికినవారికి అనుకూలమే గదా. 1956లో గెర్‌హార్డ్ రిట్టర్ ష్లీఫెను స్వంత కాగితములను వాషింగ్టనులో కనుగొని ప్రకటించెను. ఆ పథకము అంత తిరుగులేనిది కాదని తేలినది. 1999లో టెరెన్స్ జూబర్ అను అమెరికను మరియొక అడుగు ముందుకువేసి, అట్టి పథకమే లేదు పొమ్మనెను. ఆయనకు ఆధారము సోవియట్లు పట్టుకొనిపోయి, తుదకు తిరిగి యిచ్చిన కొన్ని కట్టలు. అందు ముద్రణకెక్కని వ్రాతప్రతి యొకటి కలదు. తోడి పండితులు పలువురు ఆయనతో ఏకీభవింపలేదు. ఆ జగడము ఏండ్ల తరబడి సాగినది. నాకు జూబరు వాదము అతిగనే తోచుచున్నది. కాని జగడమునకు కారణము చూడుడు: కాలిపోయిన కాగితమునకును, మిగిలిన పుస్తకమునకును నడుమ గల ఖాళీ.

నావికాదళము అదృష్టము వేరు. దాని దస్తావేజులను బవేరియాలోని తాంబాఖ్ అను కోటకు ముందే తరలించియుండిరి. 1945లో అవి చెక్కుచెదరక మిత్రరాజ్యములవారికి చిక్కినవి. మనకును ఆ కాగితములతో కొంచెము చుట్టరికము కలదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణము మీద గుండ్లు పేల్చి, బర్మా కంపెనీవారి నూనెతొట్లను తగులబెట్టినది. పట్టణము విడిచి జనము పారిపోయిన సంగతి నా బాల్యమున వృద్ధులు చెప్పుచుండిరి. ఆ నౌకాధికారి మ్యూకె వ్రాసిన కథనము 1915లోనే వెలువడి జర్మనీలో విపరీతముగ చెల్లినది. అధికారిక నావికాచరిత్రలో ఎమ్డెన్ ప్రయాణముల సంపుటమును 1923లో వ్రాసినవాడు రేడర్. ఆయన తరువాత హిట్లరు కొలువున నౌకాదళాధిపతియై 1946లో న్యూరెంబర్గున యావజ్జీవశిక్ష పొందెను. ఐనను ఆ సంపుటమును నమ్మవచ్చునా కాదా యని శంక కలిగినపుడు అసలు కాగితములతో సరిచూచుకొనవచ్చును. ఆ వసతి ప్రష్యా కాల్బలముల చరిత్రకు లేదు.

అగ్నికి తప్పినవానికి ఆజ్ఞ ఎదురైనది. 1943 డిసెంబరు 4వ తేదీన లైప్‌జిగ్ నగరమునందలి ముద్రణశాలల పేటయు, ప్రకాశకుల గిడ్డంగులును కాలి, లక్షలకొలది పుస్తకములు బూడిదయైనవి. మిగిలినవానిపై 1946 మే 13వ తేదీన విజేతల నియంత్రణ మండలి నాలుగవ ఉత్తరువు వెలువడినది. నాజీ రచనలను, సైనికతత్త్వమును బోధించు రచనలను గ్రంథాలయములు, అంగళ్లు, ప్రకాశకులు రెండు నెలలలో అప్పగింపవలెను, వానిని నశింపజేయవలెను. ఏరివేయవలసిన పుస్తకముల పట్టికను సోవియట్ మండలమున లైప్‌జిగులోని డాయిషె బ్యూఖెరై తయారుచేసినది. జర్మను భాషలో అచ్చగు ప్రతి పుస్తకమును సేకరించి భద్రపరచుటకే 1912లో స్థాపింపబడిన గ్రంథాలయమది! విధివిలాసమనగా ఇదియే.

విజేతలను తప్పుపట్టుట సులభము. పండ్రెండేండ్లపాటు ఆ విషమును పోసినవారి పుస్తకములు పాఠశాల బీరువాలలో ఎందులకుండవలెనని వారి ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నయే. 1933 మే 10వ తేదీన బెర్లిను నడివీధిలో పుస్తకములను చితిపేర్చినవారు నాజీలే గదా. ఐనను ఆ ఉత్తరువునకు మూడు నెలలు నిండకముందే, ఆగస్టు 10వ తేదీన, సవరణ వచ్చినది. పరిశోధకుల కొరకు కొన్ని ప్రతులను ప్రత్యేకస్థలమున, కట్టుదిట్టమైన పర్యవేక్షణలో ఉంచవచ్చునని అందు కలదు. ఆ సవరణ వ్రాసిన వాడెవ్వడో నాకు తెలియదు. వానికి నా నమస్కారము. పుస్తకమును చదువరి చేతినుండి తీసివేయుట ఒకటి, లోకమునుండి తీసివేయుట మరియొకటి అని వానికి తోచినది.

మూడవది నా స్వంతకథ. చాల యేండ్ల క్రిందట చెన్నపట్టణపు మూర్ మార్కెట్టులో పాతపుస్తకముల అంగడియందు లావాటి జర్మను పుస్తకమొకటి కంటబడినది. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయినది. ఇప్పుడు పోయి వెదకుదమన్న లేదు. పుస్తకము హాన్స్ డెల్‌బ్రూక్ వ్రాసిన యుద్ధకళాచరిత్రలో మొదటి సంపుటము. లోపల ఒక గ్రంథాలయపు ముద్ర. దాని పేరు చెప్పను. పైన ‘తొలగింపబడినది’ అని మరియొక ముద్ర. విప్పి చూతును గదా, మొదటి నలుబది పుటలు తప్ప తక్కిన ఆకుల అంచులు కోయబడలేదు! పూర్వపు జర్మను పుస్తకముల ఆకులు మడతలతో వచ్చెడివి, చదువువాడు కత్తితో కోసికొనవలెను. అనగా అచ్చైన నాటి నుండి ఒక్కడును నలుబదియొకటవ పుట చూడలేదు. నేను వంటింటి కత్తితో కోసికొనుచు చదివితిని. చదివితిని అనుట పెద్ద మాట. కళాశాలలో నేర్చిన నాలుగు జర్మను ముక్కలతో, ఫ్రాక్టూర్ అను ఆ పాత కోణాక్షరములలో ‘స’కారమునకును ‘ఫ’కారమునకును భేదము తెలియక కుస్తీ పట్టితిని. ఆ అక్షరములను 1941 జనవరిలో నాజీ ప్రభుత్వమే వింత సాకు చెప్పి విడిచిపెట్టినది. నేటి జర్మను బాలునకు తాతగారి పుస్తకము చేతికిచ్చినచో తడబడుచు చదువును. అరసున్నలు, బండిరాలు నిండిన పాత అచ్చును చూచి మన పిల్లలు మొగము చిట్లించుకొనుటలేదా, అట్లే.

డెల్‌బ్రూక్ బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆయన ప్రశ్న చాల చిన్నది: పూర్వులు చెప్పిన సేనల సంఖ్యలు సాధ్యమా? పారసీక చక్రవర్తి క్సెర్‌క్సీజ్ గ్రీసుమీదికి సపరివారముగ నలుబదిరెండు లక్షల జనముతో వచ్చెనని హెరోడోటసు లెక్క. సరే, నడిపింపుడు అనును డెల్‌బ్రూక్. ముప్పదివేలమంది గల జర్మను దళము బాటపై నడచునపుడు, బండ్లు లేకయే, మూడు జర్మను మైళ్ల పొడవుండును. ఆ లెక్కను పారసీకుల వరుస నాలుగువందల యిరువది మైళ్లు. మన కొలతలో మూడువేల కిలోమీటర్లకు పైమాట. ముందరివాడు గ్రీసులోని థెర్మాపిలే కనుమకు చేరునప్పటికి వెనుకటివాడు టైగ్రిసు నది కావల సూసా నగరపు గుమ్మము దాటుచుండును! ఈ పుట చదివినపుడు నేనొక్కడనే పెద్దగ నవ్వితిని. పదునెనిమిది అక్షౌహిణులు కురుక్షేత్రమున ఎట్లు నిలిచినవని చిన్ననాడు మా తాతగారిని అడిగి మొట్టికాయ తినినవాడను గనుక నాకు ఆ ఆచార్యునిపై ప్రేమ పుట్టినది.

ఇట్టి గ్రంథము చదువబడకుండుటకు కారణమేమి? నాలుగు సంపుటములు, 1900 మొదలు 1920 వరకు. పండితులకు యుద్ధము గౌరవమైన విషయము కాదు. సైనికాధికారులకు పంతులుగారు యుద్ధమును గూర్చి మాటలాడుట గిట్టదు. అందులోను ఫ్రెడరిక్ మహారాజు శత్రువును నిర్మూలించుట కంటె అలయించుటను నమ్ముకొనెనని చెప్పి ఆయన జనరల్ స్టాఫుతో ఏండ్ల తరబడి కలహము పెట్టుకొనెను. ఆ వాదమునకు ఆయన తెచ్చుకొనిన బలము మరెవ్వరిదో కాదు, క్లౌజెవిట్జుదే. యుద్ధము రెండు విధములని 1827లో వ్రాసియుంచిన చిన్న గమనిక. మొదటి ప్రపంచయుద్ధమున పూర్తి విజయముపై ఆశ విడిచి సంధి మాటలాడుడని ఆయన వ్రాయుచునే యుండెను. వినవలసినవారు వినలేదు. 1929లో మరణించెను. ఆయన గ్రంథము ఆంగ్లమున సంపూర్ణముగ వచ్చుటకు 1975 నుండి 1985 వరకు పట్టినది.

నేడు ఈ పుస్తకముల పరిస్థితి విచిత్రముగ నున్నది. పటాలముల చరిత్రలు వేలములలో పెద్ద ధరలు పలుకును. కొనువాడు గాజు బీరువాలో పెట్టుకొనును, చదువడు. అరుదైనది కావున కొనెను గాని, అందేమున్నదో వానికి పట్టదు. మరియొక వంక బవేరియా రాష్ట్ర గ్రంథాలయము మొదలగువారు లక్షలకొలది పాతపుస్తకములను యంత్రముల ద్వారా చిత్రించి కంప్యూటరు తెరలపై ఉంచినారు. క్లౌజెవిట్జ్ మొదటి ముద్రణను ఈ గ్రామమున కూర్చుండి ఫోనులో చూడవచ్చును. నేను చూచితిని. ఆ పదునాలుగు సంపుటముల చరిత్రలో పడమటి రంగస్థలమునకు సంబంధించిన భాగములను 2010 నుండి కెనడాలో ఆంగ్లమున ప్రకటింపసాగిరి. అనగా ఎనుబది యేండ్ల తరువాత క్రొత్త చదువరులు పుట్టినారు. ఆ సంపుటములను 1946లో ఎక్కడనో ఎవరో దాచకున్న, చిత్రించుటకును ఏమియు ఉండదు, అనువదించుటకును ఏమియు ఉండదు.

అన్ని పుస్తకములును దాచవలసినవే యని నేను చెప్పబోను. పది గ్రంథాలయములలో దొరకు నవలకు మనము కావలి కాయనక్కరలేదు. కార్యవర్గమువారికి నా మనవి యొకటే. ఆ రెండు బీరువాలలోని పుస్తకములను తూకపువాని సంచిలో వేయుటకు ముందు ఒక్కొక్కదాని పేరు, కర్త, అచ్చైన సంవత్సరము, ముద్రాక్షరశాల ఊరు ఒక కాగితముపై వ్రాయుడు. ఆ పట్టికను జిల్లా కేంద్రగ్రంథాలయమునకును, పాతపుస్తకములను సేకరించు పెద్ద గ్రంథాలయములకును పంపి, మరియొక ప్రతి వారివద్ద కలదా యని అడుగుడు. కలదన్నవానిని నిశ్చింతగ అమ్ముకొనుడు. లేదన్నవానిని వేరుగ నుంచుడు. ఇష్యూ రిజిష్టరు ఎవరు తీసికొనిపోయిరో చెప్పును గాని, మిగిలిన ప్రతులెన్నియో చెప్పజాలదు. మన జిల్లా ముద్రాక్షరశాలలలో మూడువందల ప్రతులు వేసి, బంధువులకు పంచిపెట్టిన శతకములు, స్థలపురాణములు, కులవృత్తుల చరిత్రలు ఆ బీరువాలలో నా కంటబడినవి. వానిని ముద్రించినవారిలో పలువురి యిండ్లలో నేడు ఒక్క ప్రతియైన ఉన్నదో లేదో.

డెల్‌బ్రూక్ సంపుటమును ఈ గ్రంథాలయమునకు ఇచ్చెదరా యని ఇందాక ఒక మిత్రుడు అడిగెను. ఇవ్వను. ఇక్కడ దానికి చదువరి లేడు, చెదలు మాత్రము కలవు. జర్మను నేర్పు విశ్వవిద్యాలయమొకదానికి జాబు వ్రాసితిని. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. వచ్చువరకు మా యింటిలోనే యుండును.

వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు కార్యదర్శిగారు ఆ బీరువాల తాళములు తెచ్చినచో నేను కాగితము, కలము తెచ్చుకొని వచ్చెదను. చదువుకొనిన పిల్లలు ఇద్దరు తోడైనచో మధ్యాహ్నమునకు పట్టిక ముగియును.